మొదటి నెల పాఠం

ఆ కాలేజీలో మెట్ల కింద ఒక గది ఉంది. ఒకప్పుడు విరిగిన బెంచీలు పడేసేవాళ్ళు అందులో. తర్వాత బెంచీలు తీసేసి ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక ఫోను, ఆ ఫోనుకు ఒక మనిషినీ పెట్టారు. పైన పిల్లలు దడదడా దిగుతుంటే కింద ఆవిడ అవతలి వాళ్ళ మాట వినపడక చెవి మూసుకుని మాట్లాడాలి. తలుపు మీద ఆవిడ బారెడు హోదా రాసిన పలక ఉంది కానీ, అది చదివేసరికి గంట కొట్టేస్తారు. అందుకని పిల్లలంతా సీట్ల మేడం అనేవారు.

ఆవిడ పని డిగ్రీ పిల్లలకు ఇంటర్న్‌షిప్‌లు వెతికిపెట్టడం. సెలవుల్లో ఏ కంపెనీలోనో, ఏ పరిశోధన ల్యాబులోనో కొన్నాళ్ళు పని నేర్చుకోవడానికి చోటు ఇప్పించాలి. పేరున్న కాలేజీలో ఈ ఉద్యోగం కుర్చీలో కూర్చుని చేసేది. ఈ కాలేజీలో మాత్రం కాళ్ళావేళ్ళా పడి చేసేది. "ఏ కాలేజీ అన్నారూ?" అని అవతలి వాళ్ళు రెండోసారి అడిగేటప్పటికే సగం సీటు పోయినట్టు లెక్క. ఆవిడ మొగుడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్. "మా ఆవిడ పెళ్ళిళ్ళ పేరయ్య. కాకపోతే పిల్లకు మొగుడి బదులు మైక్రోస్కోపు చూపిస్తుంది" అని స్నేహితుల దగ్గర నవ్వించేవాడు. ఆవిడా నవ్వేది. నిజానికి ఆ పనంటే ఆవిడకు ప్రాణం. తనకు డిగ్రీ అయ్యాక దారి చూపించే నాథుడు లేక ఎన్నో ఏళ్ళు ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంది. ఇంకొకరు అలా కూర్చోకూడదని ఆవిడ పట్టుదల.

ఆ పట్టుదలకు ఒకసారి పెద్ద దెబ్బ తగిలింది. ఎంతో బతిమాలి ఒక మందుల కంపెనీలో చోటు ఇప్పిస్తే, మొదటి వారంలోనే ఒక కుర్రాడు మేనేజరు ముందు నిలబడి "సీసాలకు లేబుళ్ళు అంటించడానికా నేను కెమిస్ట్రీ చదివింది?" అని ఇంటికొచ్చేశాడు. వాడికేం, దర్జాగా వచ్చేశాడు. ఆ కంపెనీ మాత్రం ఈ కాలేజీ పేరు చెబితే చాలు, ఫోను పెట్టేయడం మొదలుపెట్టింది. వాడి వెనకాల వచ్చిన పిల్లలు ఉసూరుమన్నారు. మళ్ళీ ఆ గుమ్మం తెరిపించడానికి ఆవిడ తల ప్రాణం తోకకొచ్చింది.

అప్పటినుంచి, పిల్లల్ని పంపేముందు హాల్లో కూర్చోబెట్టి ఒక పాఠం చెప్పేది. పిల్లలు దాన్ని మొదటి నెల పాఠం అనేవారు. "మొదటి నెల చెవులు తీసుకెళ్ళండి, నోరు ఇంట్లో పెట్టి వెళ్ళండి. గాజు సామాను కడగమంటే కడగండి. నేల తుడవమంటే తుడవండి. ఇదేంటి, అదెందుకు అని వాళ్ళ ప్రాణం తీయకండి. కష్టంగా ఉందని నాకు ఫోన్ చేయకండి, నేను ఎత్తను. నెల దాటాక వాళ్ళే మిమ్మల్ని మనుషుల్లా చూస్తారు. మధ్యలో మీరు ఆ గుమ్మం దిగి వచ్చేస్తే, మీ తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ అది మూసుకుపోతుంది."

పిల్లలు నవ్వుతూ వినేవారు, తు.చ. తప్పకుండా పాటించేవారు. పాఠం పనిచేసింది కూడా. "మీ పిల్లలు బుద్ధిమంతులండీ, ఏం చెప్పినా చేస్తారు" అని కంపెనీల వాళ్ళు అంటుంటే ఆవిడకు కడుపు నిండిపోయేది. ఏం చెప్పినా చేస్తారు అన్నది భయపడాల్సిన మాట అని ఆవిడకు అప్పుడు తట్టలేదు.

అలాంటి రోజుల్లో రేడియో వచ్చింది. కెమిస్ట్రీ చివరి ఏడాది చదివే పిల్ల, బస్సు డ్రైవరుగారి అమ్మాయి. పొద్దున కాలేజీ గేటు దగ్గర మొదలుపెడితే సాయంత్రం అదే గేటు దగ్గర ఆపేది, అందుకే ఆ పేరు. ఉత్త వాగుడు కాదు, అన్నీ ప్రశ్నలే. ఇది వేడి చేస్తే ఏమవుతుంది, చేయకపోతే ఏమవుతుంది, ఇందులో దాని బదులు ఇది పోస్తే ఎందుకు కుదరదు? కెమిస్ట్రీ లెక్చరరు ఆ పిల్ల చేయి లేవగానే గడియారం చూసుకునేవాడు. సీట్ల మేడం గదికి వస్తే రెండో కుర్చీలో బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఫోను మోగినా కదిలేది కాదు. ఆవిడ విసుక్కునేది. ఆ పిల్ల రాని రోజు మాత్రం గది బోసిగా ఉందనుకునేది.

ఊళ్ళో పేరు మోసిన పరిశోధన ల్యాబు ఒకటుంది. ఈ కాలేజీ పిల్లలెవరూ దాని గేటు దాటలేదు. ఆవిడ ఆ ల్యాబు డైరెక్టరు గది బయట పడిగాపులు పడి, ఆయన విసిగిపోయి "సరే, ఒక్కరిని పంపండి, చూద్దాం" అనేదాకా వదల్లేదు. ఆయన ల్యాబు తిప్పి చూపించాడు. కొత్త యంత్రాలు, అద్దాల గోడలు, తెల్లకోట్లు, చల్లటి గాలి. ఆవిడ కళ్ళు చెదిరిపోయాయి. వెనకాల గదులేమున్నాయో చూడాలనిపించలేదు. చుట్టం ఇంటికి వెళ్ళి వంటగది తలుపు తీసి చూస్తామా?

ఆ ఒక్క సీటు రేడియోకు వచ్చింది. వెళ్ళేముందు గదికి వస్తే ఆవిడ అంది:

"నీకు మాత్రం పాఠం రెండుసార్లు చెప్పాలే. నీ నోరు చూస్తేనే నాకు భయం. నెల రోజులు తాళం వేసుకో తల్లీ. తాళంచెవి నా దగ్గర పెట్టి వెళ్ళు."

ఆ పిల్ల పెదాల దగ్గర వేళ్ళు తిప్పి తాళం వేసినట్టు చేసి, లేని తాళంచెవిని ఆవిడ అరచేతిలో పెట్టింది. ఆవిడ కూడా సరదాపడి, సొరుగు తీసి అందులో వేసినట్టు చేసి మూసింది. ఇద్దరూ పడీపడీ నవ్వుకున్నారు.

కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం ఫోను మోగింది.

"మేడం, నేను. తాళంచెవి కాసేపు ఇస్తారా?"

మాటల మధ్య ఏదో దగ్గు వినబడింది. సెలవుల్లోనూ ప్రత్యేక క్లాసులు నడుస్తున్నాయి, పైన మెట్ల మీద పిల్లలు దిగుతున్నారు. ఎదురుగా ఇంకో ఇద్దరు దరఖాస్తులు పట్టుకుని నిలబడి ఉన్నారు.

"అప్పుడేనా? నెల కాలేదుగా! ఇన్నాళ్ళు ఆగినదానివి, ఇంకొన్నాళ్ళు ఆగలేవూ? మన కాలేజీ పరువంతా నీ నోట్లో ఉంది."

"సరే మేడం, సరదాకి అడిగాను" అంది రేడియో. ఆవిడ నవ్వుతూనే ఫోను పెట్టేసి, ఎదురుగా ఉన్నవాళ్ళ వైపు తిరిగింది.

ఆ తర్వాత మళ్ళీ ఫోను వచ్చింది ఆసుపత్రి నుంచే. రేడియో ల్యాబు వెనక గదిలో పడిపోయి ఉంటే ఎవరో చూసి తీసుకొచ్చారట. సీట్ల మేడం పరుగున వెళ్ళింది. అక్కడ రోజూ గాజు సామాను ఘాటైన ఆసిడ్‌తో కడుగుతారు. ఆ పొగ రోజుల తరబడి పీల్చి ఊపిరితిత్తుల్లో సన్నటి గొట్టాలు పూడిపోయాయనీ, బతుకుతుంది కానీ పోయిన ఊపిరి తిరిగి రాదనీ డాక్టరమ్మ చెప్పింది. మేడం ఒక్కో మాటా పూర్తిగా విన్నది. విన్నాక వార్డు వైపు నడిచింది.

వార్డు బయట బెంచీ మీద బస్సు డ్రైవరుగారు యూనిఫాంలోనే కూర్చుని ఉన్నాడు. ఆవిణ్ణి చూసి లేచి చోటిచ్చాడు. ఆయనకు ఇంకా ఏమీ తెలియదు.

"దగ్గేంటమ్మా అంటే జలుబు నాన్నా అంది. పోనీ పని మానెయ్యమంటే, నెల అయ్యాక అన్నీ చెప్తాను, ఇప్పుడు అడక్కు అంది. మా పిల్ల నోట మాట దాగడం నేనెప్పుడూ చూళ్ళేదండీ. నెల అయ్యాక ఏంటి మేడంగారూ? మీకేమైనా తెలుసా?"

తెలియదంటే ఆ పూటకు గడిచిపోయేది. అయినా ఆవిడ చెప్పింది. పాఠం సంగతీ, ఫోను సంగతీ చెప్పింది. ఆయన తిట్టలేదు. తిడితే బాగుండునని ఆవిడ ఎదురుచూసింది. ఆయన తల వంచుకుని అంతా విని, లేచి వెళ్ళి అవతలి గోడ దగ్గర ఇంకో బెంచీ మీద కూర్చున్నాడు.

లోపల రేడియో ఆవిణ్ణి చూసి ముక్కు మీది గొట్టం పక్కకు జరిపింది.

"మేడం... నేను... ఎవరికీ... ఏమీ చెప్పలేదు."

ఆ ముఖంలో గర్వం ఉంది. అదే ఆవిడ తట్టుకోలేకపోయింది. అది వార్డు అని కూడా చూడకుండా భోరుమంది. పక్క మంచం వాళ్ళు, ఈవిడ తల్లి కాబోలు అనుకున్నారు.

మర్నాడు ఆవిడ ల్యాబుకు వెళ్ళి, వెనక గది చూపించమని గుమ్మం దగ్గరే భీష్మించుకుంది. అది బాత్‌రూమంత ఉంది. తొట్టి మీద పొగ లాగేసే గూడు ఉంది, దాని ఫ్యాను తిరగదు. చల్లదనం పోకుండా కిటికీకి మేకులు కొట్టేశారు. అక్కడే పనిచేసే ఒకాయన పాపం నిజం చెప్పాడు.

"ఫ్యాను ఎప్పటినుంచో పనిచేయదండీ. మాకందరికీ తెలుసు. ఆసిడ్ పోసి బయటికొచ్చి టీ తాగి, పొగ పోయాక వెళ్తాం. ఆ అమ్మాయి లోపలే నిలబడేది. ఆ అమ్మాయి పద్ధతే అంతేమో అనుకున్నాం. ఒక్క మాట అడిగుంటే చెప్పేవాళ్ళం కదండీ."

ప్రపంచంలో దేన్నైనా ఎందుకు అని అడిగే పిల్ల, అడగాల్సిన ఆ ఒక్కటీ అడగలేదు. ఎందుకు అడగలేదో ఆ గదిలో ఒక్క మనిషికే తెలుసు. డైరెక్టరు కూడా మర్యాదగానే మాట్లాడాడు, "చాలా మంచి పిల్లండీ, ఏ రోజూ నోరు తెరిచి ఎరగదు" అని. ఆవిడకు ఆయన చొక్కా పట్టుకోవాలనిపించింది. ఏ ముఖం పెట్టుకుని పట్టుకుంటుంది?

ప్రిన్సిపాలు గొంతు తగ్గించి నచ్చచెప్పాడు. "గొడవ చేస్తే ఆ పిల్లకు ఊపిరి వస్తుందా? మన పిల్లలకు ఆ గుమ్మం మూసుకుపోతుంది, అంతే. మీరు చెప్పే మాటేగా అది." తన మాట తనకే తిరిగి తగిలింది. అయినా ఆవిడ వినలేదు, పై అధికారులకు ఫిర్యాదు పెట్టింది. వాళ్ళు వచ్చారు, చూశారు, వెళ్ళారు. ల్యాబు వాళ్ళు ఒక్క పూటలో ఫ్యాను బాగుచేయించారు. ఇంట్లో ఆ మాట చెబితే మొగుడు మెల్లగా అన్నాడు, "బెల్టు తెగి ఉంటుందే. అంతకంటే పెద్ద పనుండదు దానికి." ఆ రాత్రి ఇద్దరూ అన్నం ముట్టలేదు. ఆ మాట అన్నందుకు ఆయన చాలా రోజులు బాధపడ్డాడు.

రేడియో ఇంటికి వచ్చింది. పరీక్షలు రాయలేదు. మంచం నుంచి కిటికీ దాకా నడిస్తే ఆగి, గోడకు ఆనుకుని, ఎగశ్వాసతో నిలబడాలి. సీట్ల మేడం సెలవు రోజున వెళ్ళి పక్కన కూర్చునేది. డ్రైవరుగారు తలుపు తీసి, పలకరించకుండా పక్కకు తప్పుకునేవాడు.

"మాటలు... చాలా ఉన్నాయి మేడం... గాలే లేదు" అంది ఆ పిల్ల ఒకరోజు, నవ్వడానికి చూస్తూ. ఇంకోరోజు వేళ్ళు పెదాల దగ్గర తిప్పి అరచేయి చాపింది. ఆవిడ ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని, తన ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

మళ్ళీ సెలవులు దగ్గరపడ్డాయి. హాలు నిండా కొత్త పిల్లలు. ల్యాబు డైరెక్టరు ఫోను చేసి, ఇప్పుడంతా సవ్యంగా ఉందనీ, అలాంటి బుద్ధిమంతురాలినే ఇంకొకరిని పంపమనీ అడిగాడు. ఆవిడ జవాబు చెప్పకుండా ఫోను పెట్టేసింది. తర్వాత హాల్లోకి వెళ్ళి మొదటిసారి కొత్త పాఠం చెప్పింది. జరిగింది జరిగినట్టు, తన తప్పు తప్పుగానే చెప్పింది.

"మొదటి రోజే అడగండి. ముక్కుకు ఘాటు తగిలితే బయటికి వచ్చేయండి. గుమ్మాలు మూసుకుపోతే పోనీ, నేను ఇంకో తలుపు తడతాను. తెల్లవారుజామున అయినా నాకు ఫోన్ చేయండి. ఇన్నేళ్ళు నేను మీకు చెప్పింది తప్పు."

పిల్లల్లో కొందరు కళ్ళు తుడుచుకున్నారు. కనీసం ఇదైనా చేశానన్న చిన్న ఊరట ఆవిడకు ఆ ఏడాదిలో అప్పుడే మొదటిసారి కలిగింది.

గదికి తిరిగొచ్చేసరికి తలుపు దగ్గర రెండో ఏడాది చదివే అమ్మాయి ఒకతి నిలబడి ఉంది. సన్నగా, ఒద్దికగా, సంచీ గుండెలకు హత్తుకుని.

"మేడం, ఆ ల్యాబులో అక్క సీటు ఇంకా ఖాళీగానే ఉందా?"

ఆవిడకు ముందు అర్థం కాలేదు. "ఇప్పటిదాకా నేను చెప్పింది విన్నావా నువ్వు?"

"విన్నాను మేడం. ఆ సీటు ఇంకెవరూ అడగరు కదా, నాకు దొరుకుతుందేమోనని వచ్చాను. నా మార్కులకు అలాంటి చోటు మళ్ళీ రాదు. ఫ్యాను బాగుచేశారట కూడా."

ఆవిడ వెళ్ళి కుర్చీలో కూర్చుంది. "సరే. పంపాననుకో. అక్కడ ఊపిరాడకపోతే ఏం చేస్తావు?"

ఆ అమ్మాయి అదొక పరీక్ష అనుకుంది. హాల్లో మేడం ఏదో బాధలో అలా మాట్లాడింది కానీ, సీటు ఇచ్చేది నోరు విప్పనివాళ్ళకేనని సీనియర్లు అంతకు ముందే చెప్పి ఉంచారు. సంచీ సర్దుకుని, నిటారుగా నిలబడి, ఒప్పజెప్పినట్టు చెప్పింది:

"నెల దాకా నోరు విప్పను మేడం. దగ్గొచ్చినా మీకు ఫోన్ చేయను."

పైన గంట కొట్టారు. పిల్లలు మెట్ల మీద దడదడా దిగుతున్నారు. ఆవిడ ఏదో అంటోంది కానీ ఆ చప్పుడులో ఒక్క మాటా వినపడలేదు. ఆ అమ్మాయి మాత్రం సరైన జవాబే చెప్పానన్న నమ్మకంతో, నవ్వు ముఖంతో, ఎదురుచూస్తూ నిలబడి ఉంది.