అండాలు వద్దన్న పేరు

అండాలుకు కాగితాల్లో ఒక వయసు, ఒంట్లో ఒక వయసు. కాగితం ప్రకారం అరవై అయిదు నిండాయని రెండు వేల ఇరవై నాలుగులో ఆమెను అంగన్‌వాడీ ఆయా పనిలోంచి దిగిపొమ్మన్నారు. నిజానికి అప్పటికి ఆమెకు అరవై రెండే. ఎక్కువైన ఆ మూడేళ్లూ ఆమె తండ్రి బడిలో చేర్పించిన రోజు వచ్చి చేరినవి.

తల్లి లేని పిల్లలు వాళ్లు. అక్క సాలమ్మకు ఆరేళ్లు, అండాలుకు మూడు. తండ్రి బావులు తవ్వే పనికి పోయేవాడు. చిన్నదాన్ని ఎవరి దగ్గర విడిచిపెట్టాలో తెలియక ఇద్దరినీ చెరో చేత్తో పట్టుకొని బడికి వచ్చాడు.

“ఇద్దర్నీ ఒక్కతాన కూసోబెట్టుండ్రి సారూ. చిన్నది అక్కను ఇడిసి ఉండదు” అన్నాడు.

సారు జాలిపడి చిన్నదానికీ ఆరేళ్లని రాసుకున్నాడు. మూడేళ్లపాటు అండాలు అక్క పక్కన కూర్చుంది. సాలమ్మ తన పలక రాసుకొని, చెల్లెలి పలక కూడా రాసిపెట్టేది. సారు చూసీ చూడనట్టు పోయేవాడు. మూడో తరగతి చివర్లో ఉండగా తండ్రి సాలమ్మను చేను పనికి పెట్టాడు. మర్నాడు అండాలు ఒక్కతే బడికి వచ్చింది. ఆ రోజే కొత్త సారు ఆమెను బోర్డు దగ్గరికి పిలిచి పేరు రాయమన్నాడు. తనకంటే రెండు మూడేళ్లు పెద్దవాళ్లు నలభై మంది వెనక నుంచి చూస్తున్నారు. అండాలు సుద్దముక్క పట్టుకొని నిలబడినచోటే పావడా తడుపుకుంది. మళ్లీ బడి మొహం చూడలేదు. సాలమ్మ ఇరవై రెండేళ్లకే కాన్పులో పోయింది.

అండాలు తర్వాత అందరిలాగే బతికింది. నాటు వేసింది, పత్తి ఏరింది, పెళ్లి చేసుకుంది, మొగుణ్ణి పోగొట్టుకుంది. కట్టంగూర్ దాటి హైవే దిగి లోపలికి పోతే వచ్చే వాళ్ల ఊళ్లో అంగన్‌వాడీ పెట్టినప్పుడు ఆయాగా కుదిరింది. ఇరవై ఎనిమిదేళ్లలో ఊళ్లో సగం మందికి ఆమె చేత్తోనే గుడ్డు ఒలిచి పెట్టింది. ఏ పిల్ల పప్పు తింటుందో, ఏ పిల్లడు నిద్రలో ఉలిక్కిపడతాడో ఆమెకు తెలుసు. అందుకే సెంటర్‌కు టీచర్‌గా వచ్చిన మంజులత ఏ పిల్ల సంగతైనా మొదట ఆమెనే అడిగేది.

ఆమె దిగిపోవడానికి ఏడాది ముందు, జూన్‌లో, స్వరూప సెంటర్‌కు వచ్చింది. స్వరూప మొగుడు పత్తిచేలో పిడుగు పడి చనిపోయి అప్పటికి రెండేళ్లు. ఇద్దరు ఆడపిల్లలు. పెద్దది మల్లికకు అయిదున్నర దాటింది. చిన్నది మనస్వినికి నాలుగు నిండి పదిహేను రోజులు. ఇద్దరూ సెంటర్‌లో ఒకే చాప మీద పడుకునేవాళ్లు. మల్లిక గుడ్డులో పచ్చసొన తీసి చెల్లెలికి పెట్టి, తెల్లది తను తినేది.

ఆ వారం బడిలో చేర్చే పిల్లల పేర్లు రాస్తున్నారు. స్వరూప గడప దగ్గరే నిలబడి అండాలుతో అంది, “అవ్వా, జర టీచరమ్మకు చెప్పు. మల్లికతోని మనస్విని పేరు గూడ రాయమను. బడిల సారును అడిగిన. మీ దిక్కుకెళ్లి పేరొస్తే ఒకటో తరగతిల కూసోబెట్టుకుంట అన్నడు.”

“నాలుగేండ్ల పిల్ల ఒకటో తరగతిల ఏం జేస్తది బిడ్డా?”

“ఏం జెయ్యకున్నా మంచిదే. అక్క పక్కపొంటి కూసుంటది. నేను పొద్దుగాల కూలికి ఆటో ఎక్కితే పొద్దుమూకినంక దిగుత. ఇద్దరు ఒక్కతాన ఉంటే నాకు ఫికర్ ఉండదు.”

లోపల రాసుకుంటున్న మంజులత ఈ మాటలు విన్నది. పెన్ను ఆపి, “రాద్దామా అండాలమ్మా? పిల్ల సంగతి నీకే ఎక్కువ తెలుసు. నువ్వేమంటవ్?” అని అడిగింది.

అండాలు చాప మీది మనస్విని దిక్కు చూసింది. యాభై అయిదేళ్ల కిందటి బోర్డూ, తడిసిన పావడా, వెనక నుంచి వచ్చిన నవ్వూ ఆమెకు నిన్న జరిగినట్టే ఉన్నాయి.

“వద్దు టీచరమ్మా” అంది. “పెద్దపిల్లల నడుమ చిన్నపిల్లను కూసోబెడితే ఎట్లుంటదో నాకెరుక. అక్క ఎన్నేండ్లని పక్కన ఉంటది? ఇంకో ఏడాది ఈడనే ఉండనియ్యి. నేను జూసుకుంట.”

మంజులత మల్లిక పేరు రాసి, కింద గీత కొట్టింది. స్వరూప కొంగుతో మొహం తుడుచుకొని ఆటో కోసం పోయింది.

చూసుకుంటానన్న మాట అండాలు తప్పలేదు. ఒళ్లో పెట్టుకుంది, భుజాన వేసుకొని తిప్పింది, తన ఇంటినుంచి అటుకులు తెచ్చి పెట్టింది. మనస్విని ఏడ్చే పిల్ల కాదు. ఆమె పెట్టిన గుడ్డును పిడికిట్లో పట్టుకొని, సాయంత్రం అక్క వచ్చేదాకా తినకుండా కూర్చునేది. అప్పటికి గుడ్డు నలిగి వేళ్ల సందుల్లోంచి రాలిపోయేది.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం అండాలు గిన్నెలు కడిగి వచ్చేసరికి చాప ఖాళీగా ఉంది. బడి తోవలో పరిగెత్తింది. రోడ్డు మలుపులో ఒక ట్రాక్టర్ ఆగి ఉంది. డ్రైవర్ కిందికి దిగి నిలబడ్డాడు. ముందు చక్రానికి జానెడు దూరంలో మనస్విని కూర్చొని ఉంది. ఒంటిమీద గీత కూడా పడలేదు. “అక్క కాడికి పోతున్న” అంది, అండాలు ఎత్తుకోగానే.

ఆ వారంలోనే స్వరూప పిల్లను జడ్చర్ల పంపించింది. అక్కడ ఆమె తమ్ముడు పరమేష్ మందుల కంపెనీలో పని చేస్తాడు. అతని భార్య ప్రణీతకు పెళ్లయి ఏడేళ్లయినా పిల్లల్లేరు. ఇంటిపట్టునే ఉంటుంది, పిల్లను కళ్లల్లో పెట్టుకొని చూస్తుంది. కొన్నాళ్లేనని స్వరూప అందరికీ చెప్పింది.

అండాలు ఆమె ఇంటికి పోయి తల వంచుకొని కూర్చుంది.

“నిన్ను అనేదేం లేదవ్వా” అంది స్వరూప. “నువ్వు మంచికే చెప్పినవ్.”

ఆమె తిట్టి ఉంటే బాగుండేదని అండాలుకు అనిపించింది.

మరుసటి ఏడు పని నుంచి దిగిపోయిన రోజు మంజులత ఆమెకు శాలువా కప్పింది. పిల్లలచేత చప్పట్లు కొట్టించింది. నాలుగు రోజులు ఇంట్లో కూర్చొని, అయిదో రోజు అండాలు పల్లీపట్టీలు కొనుక్కొని బస్సెక్కింది. నల్గొండలో మారి, కల్వకుర్తి మీదుగా జడ్చర్ల చేరేసరికి మధ్యాహ్నం దాటింది. పరమేష్ ఇల్లు రెండు గదుల కిరాయి ఇల్లు. తలుపు తీసింది మనస్వినే. కొంచెం సాగింది, బుగ్గలు నిండాయి. మెడలో బడి టై ఇంకా తీయలేదు.

“అమ్మా, ఎవరో వచ్చిండ్రు” అని లోపలికి కేకేసింది.

ప్రణీత వచ్చి గుర్తుపట్టి, మర్యాదగా కూర్చోబెట్టి చాయ్ ఇచ్చింది. పిల్ల రాసిన నోట్‌బుక్కులు తెచ్చి చూపించింది. అక్షరాలు గుండ్రంగా, ముద్దుగా ఉన్నాయి. మనస్విని ప్రణీత మోకాలికి ఆనుకొని అండాలును కొత్తవాళ్లను చూసినట్టు చూస్తోంది.

అండాలు పట్టీల పొట్లం చేతికిచ్చి, “మల్లిక నిన్ను అడిగింది బిడ్డా. ఎట్లుందో చూసి రమ్మన్నది” అంది.

పిల్ల పొట్లం విప్పుతూ, “మల్లిక వదిననా?” అంది.

ప్రణీత చూపు నేలకు దించింది. “ఊకె ఎందుకు తికమక అని గట్ల చెప్పినం పెద్దమ్మా” అంది మెల్లగా. “మమ్మల్ని అమ్మా నాయినా అంటాంది. వాళ్లమ్మను అత్త అంటాంది. స్వరూపక్కకు గూడ ఎరుకే.”

మేనమామ ఇంట్లో బిడ్డగా ఉండాలంటే తోబుట్టువు వదిన కావాల్సిందే. వరసలో తప్పేమీ లేదు. అండాలు చాయ్ గ్లాసు పూర్తిగా తాగి, పిల్ల తలమీద చెయ్యి వేసి లేచింది.

బస్టాండులో సిమెంటు బెంచీ మీద కూర్చున్నప్పుడు ఆమెకు సాలమ్మ గుర్తుకొచ్చింది. ఇన్నేళ్లూ ఆ బడి తలచుకుంటే బోర్డు ముందు నిలబడిన రోజే కనిపించేది. ఈసారి అంతకుముందు మూడేళ్లు కనిపించాయి. అక్క భుజం వెచ్చగా తగలడం. ఆమె పలక మీద రాస్తూ రాస్తూ, నడుమ నడుమ చెల్లెలి చీమిడి తుడవడం. నిద్రొస్తే అక్క ఒళ్లో తల పెట్టుకోనివ్వడం. తనకు సిగ్గు కలిగింది బడిలో కూర్చోబెట్టినందుకు కాదు, పక్కనుంచి సాలమ్మను తీసుకుపోయినందుకు. ఆ మూడేళ్లు తీసేస్తే అక్క అనేది తనకు ఎక్కడుంది? ఈ మాట ఆ రోజు గడప దగ్గర స్వరూప నిలబడినప్పుడు ఎందుకు తోచలేదో ఆమెకు అర్థం కాలేదు.

మర్నాడు పొద్దున్నే స్వరూప ఇంటికి పోయింది. స్వరూప వాకిట్లో బియ్యం చెరుగుతోంది.

“పిల్లను తీస్కరా స్వరూపా. నాకిప్పుడు పనేం లేదు, పొద్దంత నేను పట్టుకుంట. మల్లికను బడికాడ దింపి, చిన్నదాన్ని గూడ ఆడనే కూసోబెడత. సారు కాళ్లన్నా మొక్కుత.”

స్వరూప చాట ఆపలేదు. “వాళ్లు సొంత బిడ్డలెక్క సాదుకుంటమని అడిగిండ్రు అవ్వా. పోయిన నెల సరే అన్న. ఆడ బువ్వకు, సదువుకు తక్కువ లేదు. ఇప్పుడు తీస్కస్తే ప్రణీత పాణం ఆగదు. పిల్ల గూడ ఏడుస్తది. ఒకసారి ఏడిపిచ్చిన, సాలు.”

చాటలో రాళ్లు ఒక్కొక్కటే ఏరి పారేస్తోంది. కన్నబిడ్డను ఎట్లా ఇస్తావని అడిగే హక్కు తనకు లేదని అండాలుకు తెలుసు.

లేచి రాబోతుంటే మల్లిక ఎదురొచ్చింది. రెండో తరగతికి వచ్చింది, జడ తనే వేసుకుంటోంది.

“ఆయమ్మా, చెల్లె ఎంతయింది? నా అంత అయిందా?”

వదిన అన్న మాట అండాలు బయటపెట్టలేదు. చెయ్యి చాపి మల్లిక చెవి దగ్గర ఆనించింది.

“గింతయింది” అంది.

మల్లిక కళ్లు పక్కకు తిప్పి ఆ చెయ్యి ఎక్కడుందో చూసుకుంది. అండాలు తీసుకోబోతే మణికట్టు పట్టుకొని ఆపింది. ఆ ఎత్తులో చెల్లెలి తల ఉన్నట్టే, పక్కన కొంచెం జాగా విడిచి నిలబడింది. స్వరూప నీళ్లకు పిలిచింది. మల్లిక బిందె తీసుకొని నల్లా దగ్గరికి పోయింది.