చల్లమిషను కేసులో ఫిర్యాది

మా వీధి ప్లీడరుగారు పోయారన్న సంగతి ఆదివారం ఉదయం పాలవాడు చెప్పాడు. నేను వెంటనే నమ్మలేదు. ఒక్క సాక్షి చెప్పినది వార్త కాదు, పుకారని నాకు నేర్పినది ప్లీడరుగారే. పైగా సాక్షి పాలవాడు. అతని పాల విషయంలోనూ, తదనుగుణంగా అతని మాటల విషయంలోనూ ప్లీడరుగారికి చివరిదాకా ఒక స్థిరమైన అభిప్రాయం ఉండేది. వారింటి మేడ మీద అద్దెకున్న వాణ్ణి కనుక మెట్లు దిగి స్వయంగా వెళ్ళి చూశాను. వార్త నిజమే. స్వయంగా చూసి ధ్రువపరచుకున్న తరువాత కూడా నమ్మబుద్ధి కాని విషయాలు కొన్ని ఉంటాయని మాత్రం ఆయన నాకు చెప్పలేదు.

కోర్టు ఆవరణలో జరిగిన సంతాప సభలో వక్తలు ఆయన తెలివినీ, నిజాయితీనీ యథావిధిగా కొనియాడారు. చివర మాట్లాడిన పెద్దమనిషి, సభ మరీ బరువెక్కిందని కాబోలు, విజయనగరంలో అందరికీ తెలిసిన కథనే మళ్ళీ చెప్పారు. ఎయిర్‌కండిషనర్ వానకు తడుస్తుందని దానికి గుడ్డ కప్పి, అది ఆగిపోతే మెకానిక్కును దొంగ అన్న ప్లీడరు కథ అది. సభికులు కన్నీళ్ళతోనే నవ్వారు. ఆ నవ్వు సంగతి మర్నాటికి ప్లీడరుగారి భార్య చెవిన పడింది. ఆమెను నేను పిన్నిగారంటాను. ఆమె నన్ను పిలిపించి ఇలా అన్నారు: "నువ్వు పేపర్లకి రాస్తావు కదా బాబూ. జరిగింది జరిగినట్టు రాసీ. ఆయన మోసింది చాలు." ఈ వ్యాసానికి ఆధారం ఆ ఆదేశమే.

అనుమానం ప్లీడరుగారికి జబ్బు అని వీధిలో ఒక ప్రచారం ఉండేది. దాన్ని ఆయన ఖండించేవారు. "జబ్బు కాదయ్యా, వృత్తి" అనేవారు. దినపత్రిక రాగానే ఆయన మొదట చదివేది చివరి పేజీ అడుగున ఉండే ముద్రాపకుడి పేరు. అది నిన్నటి పేరే అయితే తక్కిన వార్తల్లోకి వెళ్ళేవారు. రేడియోలో సమయం చెప్పినప్పుడు చేతి గడియారం చూసుకుని, రెండూ కలిస్తే రెండింటినీ అనుమానించేవారు. ఇంటికి తాళం వేసి, లాగి చూసి, వీధి మలుపు దాకా వెళ్ళి, తిరిగి వచ్చి మళ్ళీ లాగేవారు. మామిడిపళ్ళ బుట్టతో వచ్చిన మనిషి చేత ముందు ఒక ముక్క తినిపించి, ఆ ముఖం శ్రద్ధగా చూసి, ఆ తరువాతే బేరంలోకి దిగేవారు. ఎవరైనా నొచ్చుకుంటే "నమ్మనని నేనన్లేదు, ఇంకా నమ్మలేదన్నాను" అనేవారు. ఆ "ఇంకా" అన్న మాటలో ఆయనకున్న మర్యాద అంతా ఉండేది.

అటువంటి మనిషి ఇంటికి ఎయిర్‌కండిషనర్ రావడమే ఒక అసహజ సంఘటన. జనపనార మిల్లులో పనిచేసి స్వదేశానికి వెళ్ళిపోతున్న ఒక దొర, తన కేసు గెలిపించినందుకు కృతజ్ఞతగా దాన్ని ఇచ్చిపోయాడు. గోనెలు చుట్టి ఎడ్లబండి మీద తెచ్చి, ఇంట్లో ప్లీడరుగారి ఆఫీసు గదికి పెరటివైపున్న కిటికీ పగలగొట్టి బిగించారు. ముందు భాగం గదిలోకి, వెనుక భాగం పెరట్లోకి. వీధివాళ్ళు దానికి చల్లమిషను అని పేరు పెట్టారు. తమ ఇళ్ళలో దీపాలు మసకబారడానికి అదే కారణమని తీర్మానించారు. చల్లగాలిని చేతులారా వదులుకున్న దొర ఉద్దేశమేమిటన్నది ప్లీడరుగారి మొదటి అనుమానం. అది చాలాకాలం అపరిష్కృతంగానే ఉండిపోయింది.

రెండేళ్ళ క్రితం వానాకాలం మొదట్లో యంత్రం మొరాయించింది. ఆకాశం నిండా మబ్బు, చుక్క వాన లేదు, ఒళ్ళంతా ఉక్క. అప్పటికే ప్లీడరుగారు కోర్టుకు వెళ్ళడం తగ్గించి మధ్యాహ్నాలు ఇంట్లోనే కేసులు చూసుకుంటున్నారు. భోజనం చేసి గదిలో కూర్చున్న కాసేపటికి యంత్రంలోంచి టక్కుమని ఒక చప్పుడు వచ్చేది. ఫ్యాను తిరుగుతూనే ఉండేది గాని గాలిలో చలవ ఉండేది కాదు. సాయంత్రానికి అదే మళ్ళీ బాగుపడేది. దోషి నేరస్థలానికి దూరంగా ఉన్నట్టు నటించే పద్ధతి ఇదని ప్లీడరుగారు నాతో అన్నారు.

విశాఖపట్నం దుకాణానికి ట్రంకు కాలు చేస్తే అప్పలస్వామి అనే మెకానిక్కును పంపించారు. ఎచ్చెర్ల దగ్గర రైతు కుటుంబంలో పుట్టి, పట్నం వెళ్ళి పని నేర్చుకున్న యువకుడు. పొద్దున్న పాసింజరులో దిగాడు. యంత్రం ముందు తలుపు తీసి, దుమ్ము పట్టిన జల్లెడ కడిగాడు. వైర్లు బిగించాడు. ఓల్టేజీ చూశాడు. యంత్రం చక్కగా పనిచేసింది. పిన్నిగారు పెట్టిన అన్నం తిని అతను బండెక్కాడు. మధ్యాహ్నం మళ్ళీ టక్కుమంది.

మళ్ళీ ఫోను, మళ్ళీ అప్పలస్వామి. అతను ఉన్నంతసేపు యంత్రం బుద్ధిగా ఉండేది, అతను వెళ్ళగానే ఆగిపోయేది. ఈ సాక్ష్యం నుంచి ప్లీడరుగారు తీసిన నిర్ణయం తర్కశాస్త్రం ప్రకారం నిర్దుష్టం. వెళ్ళేముందు మెకానిక్కే ఏదో సడలించి పోతున్నాడు. లోపలి భాగం ఏదో మార్చేసి పాతది పెట్టి ఉంటాడన్న అనుమానం కూడా దాని వెంటే వచ్చింది. దుకాణం యజమానికి ఫోనులో ఆ మాటే చెప్పారు.

మెకానిక్కు మీద అనుమానం ఉంచుకుంటూనే, నిష్పక్షపాతం కోసం, ఆయన తక్కినవారిని కూడా విచారించారు. కరెంటాఫీసు లైన్‌మాన్‌ను వరండాలో నిలబెట్టి అడిగారు. పక్కింటి డాక్టరుగారికి ఈ యంత్రమంటే అసూయ ఉందా అని నన్ను చాటుగా అడిగారు. తోటమాలినీ, చాకలినీ, ఎదురింటి పిల్లినీ గమనించవలసిందిగా నన్ను కోరారు. వీధిలో ఆయన అనుమానించని ప్రాణి లేదని అప్పుడు నేను అనుకున్నాను. నిజానికి ఒకరున్నారు. వంటింట్లోంచి గంటకోసారి పెరట్లోకి వచ్చి వెళ్ళే మనిషిని ఎవరూ ఏమీ అడగలేదు.

తరువాతి సారి వచ్చినప్పుడు అప్పలస్వామి ముఖం వాడిపోయి ఉంది. పెరటివైపు వెళ్ళి యంత్రం వెనుక జాలీకి ముక్కు ఆనించి చాలాసేపు నిలబడ్డాడు. ప్లీడరుగారు వరండాలో కుర్చీ వేయించుకుని, నన్ను సాక్షిగా కూర్చోబెట్టి, విచారణ ప్రారంభించారు.

"నువ్వుంటే పని చేస్తాది, నువ్వెళ్తే ఆగిపోతాది. దీన్ని నేనేటనుకోవాలిరా?"

"నానున్నప్పుడు లేనిదేటో నానెల్లాక వస్తన్నాది బాబూ. దాన్ని ఎతకండి. మిసను మంచిదే. మీ ఇంట్లోనే ఏటో జరుగుతన్నాది."

ప్లీడరుగారి ఇంటిమీద ఎవరూ అంతవరకు అనుమానం వ్యక్తం చేయలేదు. అనుమానాలు అక్కణ్ణించి బయలుదేరేవే గాని అక్కడికి చేరేవి కావు. ఆధారమేమిటని ఆయన గర్జించారు.

"ఎనకాల ఇంగువ వాసనొస్తన్నాది బాబూ."

ఇంగువకూ విద్యుచ్ఛక్తికీ సంబంధం లేదని ఆ వాదాన్ని అక్కడికక్కడే తోసిపుచ్చారు. అప్పుడు అప్పలస్వామి చేతిలోని స్పానరు కింద పెట్టి, మెట్టు మీద కూర్చున్నాడు. ఇక్కణ్ణించి ఇంకొక్క ఫోను వస్తే తనను పనిలోంచి తీసేస్తానని యజమాని చెప్పాడట. ఉద్యోగం పోవడం ఒక్కటే కాదు. "దొంగతనం సేసినాడని ఎల్లగొట్టీసినారంటారు బాబూ. ఆ పేరుతో మా ఊరెల్లనేను, ఇంకో కొట్టుకీ ఎల్లనేను." ఈ మధ్యాహ్నం ఎవరికీ తెలియకుండా తనను ఎక్కడైనా కూర్చోబెట్టమని అడిగాడు. యంత్రం ఆగే క్షణాన తాను చూడాలి. అంతే.

ప్లీడరుగారికి ఆ ప్రతిపాదన నచ్చింది. మాటు వేయడం ఆయన ధోరణికి దగ్గరి పని. అప్పలస్వామి అందరూ చూస్తుండగా సంచి తీసుకుని స్టేషనుకు బయలుదేరి, పక్కసందులోంచి తిరిగి వచ్చి నా గదికి ఎక్కాడు. నా కిటికీలోంచి పెరడూ, యంత్రం వీపూ స్పష్టంగా కనిపిస్తాయి; మధ్యాహ్నం నిద్ర అలవాటు వల్ల నేనే ఎప్పుడూ చూసి ఎరగను. ప్లీడరుగారు గదిలో యంత్రం నడుస్తుండగా వదిలేసి, పడుకుంటానని ఇంట్లో చెప్పి, తానూ చప్పుడు కాకుండా పైకి వచ్చారు. ముగ్గురం కిటికీ చాటున కూర్చున్నాం.

భోజనాలైన కాసేపటికి పిన్నిగారు పెరట్లోకి వచ్చారు. ఆమె చేతుల్లో ఒక పాత పంచె ముక్క. దాని మీద వరుసలుగా ఇంగువ వేసిన గుమ్మడి వడియాలు, ఒక పూట ఆరి గుడ్డకు అతుక్కున్నవి. ఆ ఏడు పొలం నుంచి బూడిదగుమ్మడికాయలు ఆలస్యంగా వచ్చాయి. వాటి వెంటే మబ్బులూ వచ్చాయి. ఆమె గుడ్డ రెండు కొసలూ కిటికీ పైనున్న మేకులకు తగిలించి, యంత్రం వెనుక భాగమంతా కప్పేలా పరిచారు. చేత్తో గాలి వేడి చూసుకుని, తృప్తిగా తల ఊపి లోపలికి వెళ్ళిపోయారు. ఊపిరాడని యంత్రం కొంతసేపు మూలిగింది. తరువాత టక్కుమంది.

తాను నిర్దోషినని నిరూపించుకోవడానికి అప్పలస్వామికి అంతకంటే గొప్ప అవకాశం ఉండదు. అతను కిందికి చూసి, ప్లీడరుగారి ముఖం చూసి, గొంతు సవరించుకున్నాడు.

"ఓల్టేజీ బాబూ. మజ్జాన్నం పూట పడిపోతన్నాది. నానే సూసుకోనేదు."

ప్లీడరుగారు అతనివైపు తిరిగారు. అబద్ధపు సాక్ష్యాలు వినడం ఆయనకు కొత్త కాదు గాని, చెప్పేవాడు తనకే నష్టం తెచ్చుకునే అబద్ధం ఆయన అనుభవంలో లేదు.

"నీ పని పోతాదని తెలిసే చెప్తున్నావా?"

"ఒచ్చినప్పుడల్లా అమ్మగారు బువ్వెట్టినారు బాబూ."

ఆయన లేచి మెట్లు దిగారు. నేనూ వెనకే దిగాను. పిన్నిగారు వంటింటి గుమ్మంలో ఉన్నారు. ఆయన గొంతు పెంచలేదు, ఆ గుడ్డ అక్కడెందుకు కట్టావని మాత్రం అడిగారు. ముసురులో వడియాలకు బూజు పడుతుందనీ, ఆ యంత్రం వెనకనుంచి రోజంతా వేడిగాలి ఊరికే పోతున్నదనీ ఆమె చెప్పారు. ముందువైపు ఏమవుతున్నదో ఆమెకు తెలియదు. క్లయింట్లుండే ఆ గదిలోకి ఆమె వెళ్ళరు. ఆయన ఇంకా నిలబడే ఉండడం చూసి, ఏదో తప్పు జరిగిందని గ్రహించి, మెల్లగా అన్నారు:

"లోపలి గాలి మీది. బయటిది నాదనుకున్నానండీ."

ప్లీడరుగారు వెనుదిరిగి, అప్పలస్వామిని కిందికి పిలిచారు.

ఆ సాయంత్రమే ఆయన అప్పలస్వామిని వెంటబెట్టుకుని విశాఖపట్నం బయలుదేరారు. నన్నూ రమ్మన్నారు. అడిగితేనే మాట్లాడాలనీ, ఎవరూ అడగరనీ నాకు ముందే చెప్పారు. దుకాణంలో ఆయన కుర్చీ తిరస్కరించి, కోర్టులో నిలబడినట్టు అప్పలస్వామి పక్కన నిలబడ్డారు. ఈ అబ్బాయి మీద తాను చేసిన ఫిర్యాదు అబద్ధమనీ, వానకు తడుస్తుందని తానే యంత్రానికి గుడ్డ కప్పాననీ, ఆగిపోవడానికి అదే కారణమనీ చెప్పారు. యజమాని నమ్మలేదు. ఇంత చదువుకున్నవారు ఆ పని చేస్తారా, ఇంట్లో ఇంకెవరైనా చేసి ఉంటారేమోనని అన్నాడు.

"నేనే. నా ఇంట్లో నాకు తెలీకుండా ఏటి జరుగుతాది?"

యజమాని పగలబడి నవ్వాడు. అప్పలస్వామి నవ్వలేదు. అతని పని నిలిచింది, పేరూ నిలిచింది. కథ మాత్రం మాకంటే ముందు బండిలో విజయనగరం చేరినట్టుంది. మర్నాటి నుంచి కోర్టులో జూనియర్లు మొదలుకొని మామిడిపళ్ళ మనిషి దాకా, మిషనుకు జలుబు తగ్గిందా అని ఆయన్ను పరామర్శించారు. తగ్గిందని ఆయన అందరికీ సమాధానం చెప్పారు. తన మీద వచ్చిన ఆరోపణను ఆయన విచారణ లేకుండా అంగీకరించిన సందర్భం నాకు తెలిసినంతలో అదొక్కటే.

తిరుగు ప్రయాణంలో ఆయన కిటికీ పక్కన కూర్చున్నారు. భోగాపురం దిక్కున మబ్బుల్లో మెరుపులు కనిపిస్తున్నాయి. కోరుకొండ దాటాక అకస్మాత్తుగా అడిగారు.

"ఆవిడ ఆ గదిలోకి రావడం ఎప్పుడైనా చూశావటయ్యా నువ్వు?"

చూడలేదన్నాను.

"నేనూ చూళ్ళేదు" అని కిటికీవైపు తిరిగారు.

మర్నాడు ఆయన పిన్నిగారిని గదిలోకి పిలిచి తన కుర్చీలో కూర్చోబెట్టారు. ఆమె కాసేపు బుద్ధిగా కూర్చుని, "చలేస్తన్నాదండీ" అని లేచి వెళ్ళిపోయారు. తరువాతి వారం అప్పలస్వామి పిలవకుండానే వచ్చి, యంత్రం వెనుక నాలుగు మూరల దూరంలో వెదురుకర్రలు పాతి ఒక తడిక కట్టాడు. యంత్రానికి ఊపిరాడుతుంది, వేడిగాలి తడిక మీద ఆరేసిన వడియాలకు తగులుతుంది. ఆ దూరం సరైనదేనా అని ప్లీడరుగారు అనుమానించి, రెండుసార్లు జరిపించారు.

ఆయన మిగిలిన అనుమానాలన్నీ చివరిదాకా యథాతథంగా కొనసాగాయి. అయితే పోయిన ఏడాది శ్రావణంలో వారం రోజులు తెరిపి లేకుండా వాన పట్టింది. ఊరంతా దుప్పట్లు తీసింది. చల్లమిషనుతో మనిషికి పనిలేని రోజులవి. ఒక మధ్యాహ్నం నా కిటికీలోంచి చూశాను. పెరట్లో రేకు చూరు కింద పిన్నిగారు తడిక ముందు వంగి వడియాలు ఒక్కొక్కటే తిరగేస్తున్నారు. యంత్రం హోరున నడుస్తోంది. ఆఫీసు గది రెండో కిటికీ అద్దానికి ఆవిరి పట్టింది. దాని వెనుక, కోర్టుకు వేసుకునే నల్లకోటు మెడదాకా గుండీలు పెట్టుకుని, చెవులకు మఫ్లరు చుట్టుకుని, రెండు చేతులూ చంకల్లో దాచుకుని, వణుకుతూ కూర్చున్న ప్లీడరుగారు కనిపించారు. క్లయింటు ఎవరూ లేరు. బల్ల మీద కాగితం కూడా లేదు.