క్లోరైట్ కింద తోక

బొల్లారంలో మా ఫ్యాక్టరీ చేసేది క్లోరైట్ అనే ఉప్పు. బట్టల మిల్లుల వాళ్లు గుడ్డ తెల్లబరచడానికి కొనేవారు. దానికి ముడిసరుకు క్లోరేట్. నేను ల్యాబులో కెమిస్టుని. పటాన్‌చెరులో నాతో ఒకే గదిలో కిరాయికి ఉన్న ఆపరేటరు నాకంటే పెద్దవాడు. అన్నా అని పిలిచేవాణ్ణి. నాకు అక్కడ వేరే మనిషి లేడు.

ఒక సాయంత్రం వంకాయలు తరుగుతూ అడిగాడు.

"రెండిట్ల ఫరక్ ఏంది తమ్మీ?"

"అన్నీ ఒక్కింటియే అన్నా. క్లోరిన్‌కు ఒక్క ఆక్సిజన్ అంటుకుంటే హైపోక్లోరైట్, బ్లీచింగ్ నీళ్లల్ల ఉండేది. రెండైతే క్లోరైట్, మూడైతే క్లోరేట్, నాలుగైతే పర్‌క్లోరేట్. హైపోను కాగబెడితే క్లోరేట్ అయితది. మనం క్లోరేట్‌ల కెళ్లి ఒకటి గుంజి క్లోరైట్ చేస్తున్నం."

"అంటే మూడున్నోని దగ్గర ఒకటి గుంజుకునుడే మన నౌకరి," అని నవ్వాడు.

డ్రమ్ముల మీద పేర్లు తెలుగులో రాసే పని మేనేజరు నాకు పెట్టాడు. క్లోరైట్ అని రాస్తే 'ర' కింద ఐత్వం తోక ఉండాలి. తొందరలో ఒక డ్రమ్ము మీద ఆ తోక వేయలేదు. 'క్లోరెట్' అని మిగిలింది. ఎవరు చదివినా క్లోరేట్ అనే అనుకుంటారు. అన్న అదే అనుకుని దాన్ని, క్లోరేట్ పోసే యాసిడ్ ట్యాంకులో ఒంపించాడు. క్లోరేట్ అయితే నిదానంగా వదిలే పసుపు గ్యాసు, క్లోరైట్ నుంచి ఒక్కసారిగా లేచింది. అందరం దగ్గుతూ బయటికి ఉరికాం. ఎవరికీ ఏమీ కాలేదు.

"చదువు రాదా నీకు?" అన్నాడు మేనేజరు.

అన్న నా వైపు చూశాడు. నేను నా బూట్లు చూసుకున్నాను.

"నాదే గల్తీ సార్," అన్నాడు అన్న.

ఆ రోజే అతన్ని పనిలోంచి తీసేశారు.

గదిలో బట్టలు సర్దుకుంటూ మెల్లగా అడిగాడు. "గా డ్రమ్ము మీద 'ర' కింద తోక ఏడవోయింది తమ్మీ?"

"నువ్వు జెర సూసి తేవాలె గద."

"సూసే తెచ్చిన."

సంచీ భుజాన వేసుకుని గుమ్మంలో ఆగాడు. నేనేదో ఒక మాట అంటానని కాబోలు. నేను తాళంచెవి అడిగాను. ఇచ్చి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత చాలాకాలం ఆ గదిలోనే ఉన్నాను. ఒక్కడికి ఎంత బియ్యం పోయాలో కొలత కుదిరేది కాదు, అన్నం మిగిలిపోయేది. అతని ఊరు సంగారెడ్డి అవతలే, ఒక్క బస్సు. రోజూ ఆ బస్సు నా ముందు ఆగేది. నేను ఎక్కలేదు.