రోజుకి పదహారు ఇంటర్వెల్లు

మా పాపకి నాలుగేళ్ళు నిండేదాకా నేను దాని మొహం ఆదివారాల్లోనే చూశాను. నా ఉద్యోగం హైదరాబాద్‌లో. మా ఆవిడ పామర్రు దగ్గర ఒక కాలేజీలో లెక్చరర్, పాపని పెట్టుకుని అక్కడే పుట్టింట్లో ఉండేది. నేను వారం వారం బస్సెక్కి వెళ్ళి, పాపని భుజాల మీద కూర్చోబెట్టుకుని కాలవగట్టు మీద బాతుల్ని చూపించి, సాయంత్రానికి మళ్ళీ బస్సెక్కేవాణ్ణి. ఇలా కాదని, ఇంటి నుంచి పనిచేస్తాను మొర్రో అని కంపెనీ వాళ్ళ వెంటపడితే చివరికి ఒప్పుకున్నారు, ఒక షరతు మీద. మూడు నెలలు చూస్తారట. ఆ మూడు నెలలూ కంప్యూటర్‌లో టైమర్ పెట్టుకుని, రోజూ నిండుగా పనిచేశానని చూపించాలి. చూపిస్తే పామర్రులోనే ఉండిపోవచ్చు. లేకపోతే మళ్ళీ హాస్టల్ గది, మళ్ళీ వారానికొక్క రోజు పాప.

ఇదేం పెద్ద షరతు అనుకున్నాను. అత్తగారింట్లో కూర్చుని అల్లుడు పనిచేయడం ఎంత కష్టమో అప్పటికి నాకు తెలియదు.

నేను చేసేది సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికే పని. మా అత్తగారు వీధిలో అందరికీ "మా అల్లుడుగారు తప్పులు పడతారండీ" అని గర్వంగా చెప్పుకున్నారు. దాంతో కొన్నాళ్ళపాటు చుట్టుపక్కల వాళ్ళు నాకు కాఫీ ఇవ్వడానికి కూడా జంకారు. బియ్యం డబ్బాలుండే వెనక గది నాకిచ్చారు. అక్కడ ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక ఫ్యాను, నేను.

మొదట నేను ఎంచుకున్నది ఆగకుండా నడిచే టైమర్. పొద్దున స్టార్ట్ నొక్కితే స్టాప్ నొక్కేదాకా నడుస్తూనే ఉంటుంది. మధ్యలో లేస్తే మనమే ఆపాలి, కూర్చుంటే మనమే నడపాలి. మనిషి మీద అంత నమ్మకం పెట్టుకున్న యంత్రాన్ని నేను ఇంకెక్కడా చూడలేదు. రెండో వారంలోనే దాని నమ్మకాన్ని వమ్ము చేశాను.

ఆ రోజు తొమ్మిదింటికి స్టార్ట్ నొక్కి కూర్చున్నానో లేదో, మా మామగారు గుమ్మంలోకి వచ్చారు. ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి, హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. "పక్క వీధిలో గృహప్రవేశమండీ. ఒక్క ఐదు నిమిషాలు, మొహం చూపించి వచ్చేద్దాం," అన్నారు. ఐదు నిమిషాలకి టైమర్ ఆపడమెందుకని అలాగే వదిలేసి వెళ్ళాను. వ్రతం అయ్యేదాకా కూర్చున్నాం. భోజనాలు అయ్యేదాకా కూర్చున్నాం. అల్లుడుగారు రెండో బూరె వేయించుకోలేదని ఇంటివాళ్ళు నొచ్చుకుంటే, మూడోది కూడా వేయించుకున్నాను. తాంబూలం పుచ్చుకుని ఇల్లు చేరేసరికి నాలుగు దాటింది. టైమర్ ఏడు గంటల పైన చూపిస్తోంది. చేరినప్పట్నుంచీ నేను అంత బాగా పనిచేసిన రోజు ఇంకోటి లేదు.

ఆ దొంగ గంటలు అలాగే పంపడానికి చేతులు రాలేదు. మా మేనేజర్‌కి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ నాకంటే ఎనిమిదేళ్ళు చిన్న. నవ్వాపుకుంటోందని తెలుస్తూనే ఉంది. "పర్లేదు సర్. బూరెల దగ్గర కూడా బ్రేక్ తీసుకోలేదన్నమాట. రేపట్నుంచి ఇంటర్వెల్ టైమర్ పెట్టుకోండి," అంది.

ఇంటర్వెల్ టైమర్ మనిషిని నమ్మదు. ఇరవై అయిదు నిమిషాలు పని, గంట మోగుతుంది. ఐదు నిమిషాలు విరామం, మళ్ళీ గంట మోగుతుంది. ఆ రెండో గంటకి కుర్చీలో ఉండి మీట నొక్కకపోతే, అంతకుముందు చేసిన ఇరవై అయిదు నిమిషాలూ గోవిందా. అలాంటివి రోజుకి పదహారు పూర్తి చేయాలి. ఇదంతా నేను ఫోన్‌లో గట్టిగా మళ్ళీ మళ్ళీ చెప్పి ఖాయం చేసుకుంటుంటే వంటింట్లోకి వినపడింది. అందులో మా అత్తగారికి పట్టింది ఒక్కటే మాట.

ఆవిడ బెజవాడ పిల్ల. పెళ్ళి కాకముందు వచ్చిన సినిమా అల్లా చూసిన మనిషి. ఆవిడ లెక్కలో ఇంటర్వెల్ అంటే లైట్లు వెలగడం, జనం లేవడం, చేతిలోకి తినడానికి ఏదో ఒకటి రావడం. మర్నాడు మొదటి గంట మోగగానే తలుపు తోసుకుని పునుగుల పళ్ళెంతో వచ్చారు. వెనకే అల్లం పచ్చడి.

"తినండి బాబూ, ఇంటర్వెల్ అయింది కదా."

తిన్నాను. రెండో ఇంటర్వెల్‌కి చెక్కలు. మూడోదానికి సున్నుండ. నాలుగోదానికి ఆవిడకే అనుమానం వచ్చింది.

"రెండున్నర గంటల సినిమాకి కూడా ఇంటర్వెల్ ఒక్కటే కదండీ. మీకు రోజుకెన్ని?"

"పదహారండీ."

"పదహారా!" అని బుగ్గ నొక్కుకున్నారు. "అంత బరువు పనా బాబూ మీది?"

ఆవిడకి నా మీద జాలి పుట్టింది. ఆ జాలి నా పీకల మీదికి తెచ్చింది. అత్తగారు పెట్టింది అల్లుడు వద్దనకూడదు. పెట్టగానే మింగి లేచిపోనూ కూడదు, బాగుందని చెప్పాలి, చెబితే ఇంకోటి వేస్తారు. ఐదు నిమిషాల్లో ఇదంతా అయ్యే పని కాదు. నోట్లో సున్నుండ ఉండగా రెండో గంట మోగేది. చేతులు నేతి జిడ్డు. కడుక్కుని వచ్చి చూస్తే ఇరవై అయిదు నిమిషాలు ఎగిరిపోయి ఉండేవి. ఆ వారం రోజుకి తొమ్మిది దాటలేదు. శుక్రవారం సాయంత్రం కుర్చీలో కూర్చుని, నాలో నేను మా అత్తగారిని తిట్టుకున్నాను. తిట్టుకుంటూనే ఆవిడ ఇచ్చిన జంతికలు నమిలాను.

చివరికి మా ఆవిడతో చెప్పుకుంటే, తను నవ్వి నవ్వి వాళ్ళ నాన్నతో చెప్పింది. మామగారు మాత్రం నవ్వలేదు. నా గదిలోకి వచ్చి, మొదటి గంటా రెండో గంటా మోగడం విని, కళ్ళు పెద్దవి చేశారు.

"ఇదేమిటండీ, ఇది ఇంట్రబెల్లు! ఫస్ట్ బెల్లు, సెకండ్ బెల్లు. ముప్ఫై ఏళ్ళు మా స్కూలు నడిచిందే దీనిమీద," అన్నారు.

ఆ సాయంత్రమే స్కేలు పెట్టి టైమ్ టేబుల్ గీసి గోడకి అంటించారు. పదహారు పీరియడ్లు. ఒకటి డ్రిల్లుకి కేటాయించబోతే బతిమాలి ఆపాను. అత్తగారిని పిలిచి, ఇది సినిమా ఇంటర్వెల్ కాదనీ, ఇందులో ఓడిపోతే అల్లుడుగారు హైదరాబాద్ పోవాల్సి వస్తుందనీ క్లాసు తీసుకున్నారు. ఆవిడ బెదిరిపోయారు. పెట్టడం తగ్గించలేదు గానీ సైజు తగ్గించారు. గోళీకాయంత పునుగులు నేనక్కడే చూశాను. గుటుక్కున మింగితే చాలు, బాగుందని తల ఊపితే చాలు.

మామగారు వరండాలో కుర్చీ వేసుకుని, రెండో గంటకి అర నిమిషం ముందు గొంతు సవరించుకునేవారు. ఒకరోజు గేటు దగ్గర ఎవరో పలకరిస్తే నేను మాటల్లో పడ్డాను. వెనక నుంచి ఉరుములా వినపడింది.

"ఒరేయ్! బెల్లు వినపడలేదురా? నడు లోపలికి!"

అత్తగారి చేతిలో పళ్ళెం కింద పడింది. పెళ్ళయి ఏడేళ్ళు, ఆయన నన్ను 'మీరు' తప్ప అనలేదు. "అలవాటులో అనేశానండీ, ఏమీ అనుకోకండి," అన్నారు, చెవులు ఎర్రబడి. నేనేమీ అనుకోలేదు, అనుకోవడానికి టైము లేదు, పరుగెత్తి మీట నొక్కాను. తర్వాత ఆ పీరియడంతా నాకు నవ్వొస్తూనే ఉంది. ఆ ఇంట్లో నన్ను ఒకళ్ళు తిట్టడం అదే మొదలు. చాలా బాగా అనిపించింది.

ఇక ఆ తర్వాత రోజుకి పదహారూ పడ్డాయి. ఒక్కటే చిక్కు మిగిలింది, పాప. నాలుగింటికి ఆటో దిగి "నాన్నా!" అంటూ తలుపు తోసుకుని వచ్చి మీద పడేది. ఆ ఊపులో రెండు మూడు పీరియడ్లు పోయాయి. మామగారు దాన్నీ దారికి తెచ్చారు. గది బయట ఒక పీట వేశారు. స్కూలు నుంచి రాగానే సంచి పెట్టి, ఆ పీట మీద చేతులు కట్టుకుని నోటి మీద వేలేసుకుని కూర్చోవాలి. బెల్లు మోగితే లోపలికి రావచ్చు. సెకండ్ బెల్లుకి బయటికి పోవాలి. రెండు రోజులు ఏడ్చింది, మూడో రోజు నుంచి ఏడవలేదు. వచ్చిన ఐదు నిమిషాల్లో అది ఏదో చెప్పడం మొదలుపెట్టేది, సగంలో గంట మోగేది, తనే ఒళ్ళోంచి దిగి వెళ్ళిపోయేది. ఎంత బుద్ధిమంతురాలో చూశావా అని మా ఆవిడతో గొప్పగా చెప్పాను. తను "ఊఁ" అని ఊరుకుంది.

మూడు నెలలు నిండాక ఒక శుక్రవారం మధ్యాహ్నం మెయిల్ వచ్చింది. పరీక్ష పాసయ్యాను, ఇక ఇంటి నుంచే చేసుకోవచ్చు. నేను అరిచిన అరుపుకి అత్తగారు స్టవ్ ఆపేసి పరుగెత్తుకొచ్చారు. మామగారు "డిస్టింక్షన్!" అని నా వీపు చరిచారు. ఆ రోజుకి పని చాలించి, తలుపు బార్లా తీసి, పాప కోసం గుమ్మంలో నిలబడ్డాను.

ఆటో దిగింది. నన్ను చూసింది. సంచి పెట్టి, పీట మీద కూర్చుని, నోటి మీద వేలేసుకుంది. నేను మూడడుగుల దూరంలో ఉన్నాను. రా అమ్మలూ అంటే రాలేదు, బెల్లు కాలేదు మరి. నేనే వెళ్ళి ఎత్తుకున్నాను.

"నాన్న ఇంక హైదరాబాద్ వెళ్ళడు తెలుసా? రోజూ ఇక్కడే ఉంటాడు."

అది నా మొహంలోకి చూసింది. "వెళ్ళు నాన్నా," అంది.

"అదేమిటమ్మా?"

"హైదరాబాద్ నుంచి వస్తే నువ్వు తలుపేసుకోవు కదా."

మామగారు కుర్చీలోంచి లేచి, పీట తీసి లోపలికి పట్టుకెళ్ళారు. నాకు ఏడుపొచ్చింది, సిగ్గు కూడా వేసింది. దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని మేనేజర్‌కి రాశాను. రోజూ ఏడింటికే మొదలుపెడతాను, నాలుగు నుంచి అయిదు దాకా మాత్రం నేనుండను, కుదురుతుందా అని. రెండు నిమిషాల్లో జవాబొచ్చింది.

"తప్పకుండా సర్. మొదట్లోనే అడిగుంటే అప్పుడే సరేననేదాన్ని కదా."

మూడు నెలల్లో ఆ ముక్క అడగాలని నాకు ఒక్కసారి కూడా తోచలేదు.