పెద్ద లైను కింద బట్టల తీగ

ఆ రోజుల్లో గాజువాక శివార్లలో స్థలం కొనేవాళ్ళు నేల చూసుకునేవారు గానీ ఆకాశం చూసుకునేవారు కాదు. మా మామగారూ అంతే. బురద లేదు, ధర తక్కువ అని మురిసిపోయి ఇల్లు కట్టేశాక తలెత్తి చూస్తే, పెరటి మీదుగా టవర్ల మీద పోయే పెద్ద కరెంటు లైను కనిపించిందట. వాన తుంపర పడితే బుస్సుమనే ఆ తీగల కిందికే నేను కొత్త కోడలినై వచ్చాను. పెద్ద లైనుకు తోడుగా మా పెరట్లో ఇంకో లైను ఉండేది, బట్టలు ఆరేసుకునే ఇనప తీగ. చివర్లు నైలాను తాళ్ళతో రెండు ఎండు సర్వి కర్రలకు బిగించి, పెరటి ఈ కొస నుంచి ఆ కొస దాకా లాగారు. (అత్తవారింట్లో నా ఉద్యోగమంతా ఆ తీగ దగ్గరే.)

ఆ తీగ నన్ను కరిచేది. తడి చీర ఆరేద్దామని పట్టుకోగానే వేళ్ళ చివర చీమ కుట్టినట్టు చురుక్కుమనేది. కొన్నాళ్ళు ఓర్చుకుని, ఒకరోజు భయం భయంగా చెప్పాను.

"అత్తా, తీగ కరుత్తంది."

మా అత్త టపటపమంటూ పెరట్లోకొచ్చి, తీగని రెండు చేతులా పట్టుకుని ఊపేసింది. ఏమీ కాలేదు.

"ఏదే? నన్ను కరవదేటి? తీగక్కూడా అత్తంటే భయమేటే గుంటా?"

డ్యూటీ దిగి వచ్చిన మా ఆయనా పట్టుకుని చూశాడు. ఏమీ లేదు. పక్కింటి పిన్ని, ఎదురింటి వదిన కూడా వచ్చి, గాజులు సవరించుకుని మరీ ముట్టుకున్నారు. ఎవరినీ కరవలేదు. అందరూ తీగని వదిలేసి నావైపు చూశారు. "ఏదో గాలి సోకినట్టుంది" అంది పిన్ని, నాకు వినపడేంత గుసగుసగా.

మా అత్త చెడ్డమనిషి కాదు. కానీ ఆవిడ పెళ్ళి పట్టుచీరని నేను చురుక్కుమనగానే బట్టల నీళ్ళు కారిన బురదలో జారవిడిచాక ఆవిడ ఓపికా జారిపోయింది. "మీ నాన్నకి కబురెడతాను. నిన్నట్టుకెళ్ళి మంత్రం ఏయించి తెత్తాడు" అంది. మా వైపు మంత్రానికని పుట్టింటికి వెళ్ళిన పిల్ల ఎప్పుడు తిరిగొస్తుందో చెప్పలేం. వచ్చినా ఆ పేరు పోదు, నలభై ఏళ్ళొచ్చినా గాలి సోకిన కోడలే.

నా పక్షాన నిలబడింది మా మరిది ఒక్కడే. (జాలితో అనుకునేరు. కరెంటు డిప్లొమా చదువుతున్నాడు, పరీక్షలో ఇలాంటి లెక్కే వస్తుందట.) "వదినా, పై తీగకీ కింది తీగకీ మద్దెన గాలే కదా ఉంది? అయినా ముట్టుకోకుండానే రెండూ కొంచెం కరెంటు దాసుకుంటాయి. ఎంత దాసుకుంటాయో దాన్ని కెపాసిటెన్సంటారు. తీగ లావూ, పొడుగూ, ఎత్తూ తెలిస్తే నాను లెక్క కట్టీగలను" అన్నాడు. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. అయినా, ముట్టుకోకుండానే ఒకదాని బరువు ఇంకోదాని మీద పడుతుందంటే నాకు వెంటనే అర్థమైంది. అత్తాకోడళ్ళున్న ఇల్లు కదా.

తీగ లావు తెలియడానికి మిగిలిపోయిన ముక్కని పెన్సిలుకు పక్కపక్కనే చుట్టి కొలిచాడు. లైను ఎత్తు తెలియడానికి నన్ను ఎండలో నిలబెట్టి, నా నీడా టవరు నీడా కొలిచాడు. అరికాళ్ళు కాలిపోతుంటే కదలకుండా నిలబడ్డాను, నా కాపురం ఆ నీడ మీదే ఆధారపడిందని. మధ్యాహ్నానికి లెక్క తేల్చి కేకలు పెట్టాడు, "ఎవులూ పెరట్లోకెల్లకండి! ఏనుగైనా సచ్చిపోద్ది!" ఆ పూటంతా పెరటి తలుపు గడియ పెట్టుకు కూర్చున్నాం. సాయంత్రం తల గోక్కుంటూ వచ్చాడు. "సున్నాలు తప్పీసినాను. ఏనుగు కాదు, సీమ కుట్టినట్టుంటాదంతే."

"నాను సెప్పిందీ అదే కదా!" అని నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. సంబరంగా వెళ్ళి తీగ పట్టుకున్నాడు. కరవలేదు. పాపం, మళ్ళీ మొదట్నించీ లెక్క కట్టాడు. "లెక్కేమో కరవాలంటంది. తీగేమో కరవట్లేదు."

"లెక్కక్కూడా గాలి సోకిందేమో సూడరా" అంది మా అత్త. సబ్బవరం అవతలున్న మా నాన్నకు కబురు వెళ్ళిపోయింది.

నాన్న రావలసిన రోజు శుక్రవారం. నేను మూలన కూర్చుని ఏడుస్తుంటే, తలంటుకుని పూజకు సిద్ధమైన మా అత్త, "నువ్వు ముట్టుకోకు, నానే ఆరేత్తాను" అని బట్టల బకెట్టు లాక్కుని వెళ్ళింది. మరుక్షణం పెరట్లోంచి కేక.

"ఓలమ్మో! నన్ను పట్టీసింది!"

మరిది పళ్ళు తోముకుంటూ పరిగెత్తి, వాళ్ళమ్మ చేతులు చూడకుండా కాళ్ళు చూశాడు. "సెప్పుల్లేవు! అమ్మా, నీ కాళ్ళకి సెప్పుల్లేవు!"

"నాను సచ్చిపోతంటే సెప్పుల గోలేటిరా ఎదవా! శుక్రోరం పూజ కాకండా సెప్పులెలాగేసుకుంటాను?"

"లెక్క కరెక్టే! నా లెక్కలో మనిషి నేల మీద నిలబడతాడు. మీరందరూ రబ్బరు మీద నిలబడి ముట్టుకున్నారు. వదినొక్కర్తే నేల మీదుంది!"

అంతే సంగతి. కొత్త కోడలు పెద్దల ముందు చెప్పులు వేసుకోకూడదన్నది ఆ ఇంటి మర్యాద. అందుకే నా కాళ్ళ గురించి ఎవరికీ తోచలేదు, నాక్కూడా.

మధ్యాహ్నానికి నాన్న వాడిపోయిన మొహంతో, చేతిలో తాయెత్తుతో గుమ్మంలో నిలబడ్డాడు. నోరు తెరవకముందే మా అత్త, "రండన్నయ్యా, ముందు సెప్పులిప్పి ఆ తీగ ముట్టుకోండి" అంది. వియ్యపురాలి మాట కాదనలేక ముట్టుకున్నాడు. ఉలిక్కిపడి వెనక్కి గెంతాడు, తాయెత్తు ఎటో ఎగిరిపోయింది.

"సెల్లెమ్మా, ఈ తీగ కరుత్తంది!"

"మరేటి! నా కోడలు ఎప్పుట్నించో సెప్తంటే ఇన్నారా ఎవులైనా?" అని మా అత్త నడుం మీద చేతులు పెట్టుకుని వీధివాళ్ళందరి మీదా ఎగిరింది. నాన్న మాత్రం తీగని మళ్ళీ మళ్ళీ ముట్టుకున్నాడు. చురుక్కుమన్న ప్రతిసారీ కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు.

తర్వాత మరిది ఆ తీగ నుంచి ఇంకో తీగ దింపి, నేలలో పాతిన ఇనప కడ్డీకి కట్టాడు. కరవడం ఆగింది. నాన్న మా అత్త వండిన చేపల పులుసు తిని, సాయంత్రం బస్సుకు బయల్దేరాడు. నన్ను తీసుకెళ్ళవలసిన పని ఇక లేదు కదా! పుట్టింటికి పంపుతారేమోనని వారం రోజులు ఏడ్చిన నేను, ఆ బస్సు నన్ను వదిలేసి మలుపు తిరుగుతుంటే, నాలుగు రోజులు అమ్మ దగ్గర పడుకుని వచ్చాక తేలినా బాగుండేది కదా ఈ లెక్క అనుకుని, మళ్ళీ ఏడుపు మొదలుపెట్టాను. "ఇప్పుడేటైందే?" అని మా అత్త కంగారుపడింది. ఏం చెప్పాలో అప్పటి ఆ కొత్త కోడలికి తెలియలేదు. ఇన్నేళ్ళకు నాకు తెలుసు గానీ, అడగడానికి మా అత్త లేదు.