సోలార్ పలకలపై రెండు ఫ్లెక్సీలు

మా జిల్లాలో గాలి ఏదైనా విరగ్గొడితే జనం మొదట మనిషిని వెదుకుతారు. షెడ్డు పైరేకులు లేచిపోతే ఎదుటి పార్టీ వాళ్లు బోల్టులు విప్పారంటారు. అరటి తోట ఒరిగిపోతే ఎవరో గెలలకు పెట్టిన పోటు కర్రలు పీకేశారంటారు. రాత్రికి రాత్రి పగవాళ్ల గొడ్డళ్లకు చీనీ (బత్తాయి) చెట్లు నిజంగానే పోగొట్టుకున్న రైతులున్న ప్రాంతం కనుక ఆ అనుమానాన్ని వెర్రితనమని నేను ఏనాడూ అనలేదు. అయితే అనుమానం వేరు, రుజువు వేరు. ప్రొద్దుటూరులో డిగ్రీ పిల్లలకు భౌతికశాస్త్రం బోధించిన ఏళ్లలో ఈ తేడా చెప్పడమే నా అసలు ఉద్యోగమని అనుకునేదాన్ని.

మా అక్క జమ్మలమడుగు దాటాక పెద్దముడియం వైపు ఉన్న ఒక పల్లెలో మిషన్ వారి బాలికల హాస్టలు చూసుకునేది. ఆ ఊరికి పై వీధి, కింది వీధి అని రెండు వీధులు. పాత కక్షలకు కొత్తగా రెండు పార్టీల జెండాలు తగిలించుకున్నారు. ట్రాన్స్‌ఫార్మర్ పై వీధి వాళ్ల పొలంలో ఉంది, దాని దగ్గరికి పోవలసిన దారి కింది వీధి వాళ్ల పొలంలో ఉంది. గొడవైనప్పుడల్లా కరెంటు పోయేది; బాగుచేసేవాళ్లు ఎవరి గట్టు తొక్కాలో తేలేసరికి వారాలు గడిచేవి. అందుకని హాస్టలు బోరుకు సోలార్ మోటారు మంజూరైంది. ఆవరణలో ఇనుప స్టాండు మీద ఒకే వరుసగా పలకలు బిగించారు. ఆ నీళ్లే హాస్టలుకు ఆధారం.

వేసవిలో ఆ నల్లరేగడి మైదానంలో సాయంత్రపు గాలి కంకరను, రేకుముక్కలను ఎగరేసుకొస్తుంది. పలకల అద్దాలు పగలకుండా వాటిమీద కప్పమని పై వీధి వాళ్లు ఎన్నికలప్పుడు కొట్టించిన ఫ్లెక్సీ ఒకటి ఇచ్చారు. దానిమీద వాళ్ల నాయకుడి ముఖం నిలువెత్తున ఉంది. మొదటి పెద్ద గాలికే ఆ ఫ్లెక్సీ ఉబ్బి, చివరి పలకను చట్రంతో సహా పెకలించి నేలకు కొట్టింది. కింది వీధి వాళ్లు తాళ్లు కోశారని పై వీధి అంది. కర్రలు బయటికి వచ్చాయి, పోలీసు జీపు వచ్చింది. చివరికి ఇంజనీరు వచ్చి కొత్త పలక బిగించి మా అక్కతో ఒకే మాట చెప్పాడు. "మేడమ్, ఇంకొక తూరి ఇట్లయితే మోటారుతో సహా అన్నీ ఊడబెరుక్కోని వేరే ఊరికి ఇచ్చేస్తాం. నాకు పైనుంచి అట్లనే చెప్పినారు."

నీళ్లు లేకపోతే హాస్టలు మూతపడుతుంది. మూతపడితే ఆ ఆడపిల్లలు పత్తి చేలలోకి పోతారు, తిరిగి బడికి రారు. మరుసటి వేసవి మొదలవుతుండగా అక్క నాకు ఫోను చేసి చెప్పింది ఇంతే: "పాపా, గాలికి ఊడిపోనిది ఏదన్నా కనుక్కోని రా."

పులివెందులలో డ్రిప్పు పైపులు అమ్మే ఒక దుకాణంలో సోలార్ పలకలకు రెడీమేడ్ కవర్లు దొరుకుతాయని విని వెళ్లాను. దుకాణదారు నున్నటి గుడ్డ ఒకటి బల్లమీద పరిచాడు.

"ఎంత గాలైనా ఆపుతాది మేడమ్. తుఫానుకు గూడా కదలదు."

"ఎవరు కొలిచినారప్పా?"

"కంపెనీ వాళ్లు."

"యాడ కొలిచినారు?"

"వాళ్ల ఊర్లోనే కదా మేడమ్ కొలిచేది. ఈడికొచ్చి కొలుస్తారా?"

"ఎట్ల కట్టి కొలిచినారు? వదులుగానా, బిగించా?"

అతను బల్లమీద గుడ్డ మడిచి పెట్టేస్తూ నిట్టూర్చాడు. "మీరు పెండ్లికి పోయినా పప్పులో ఉప్పు ఎంతేసినారో తూకమేసి గానీ చెయ్యి పెట్టరేమో మేడమ్."

నేను కవరు కొనలేదు. అది సంచిలా వదులుగా ఉంది. వదులుగా ఉన్న గుడ్డ గాలికి ఏం చేస్తుందో ఆ ఊరు ఒకసారి చూసింది. పైగా తిరుగు ప్రయాణంలో బస్సు ముందు పత్తి లారీ ఒకటి పోతూ ఉంది. అంత వేగంలోనూ దానిమీది టార్పాలిన్ పట్ట కొంచెమైనా ఎగరడం లేదు. పట్ట అంచులను సరుకు కిందికి లాగి, అడ్డంగా, ఐమూలగా తాడు బిగించారు. నాకు అది రుజువు కాదు, ఒక ప్రశ్న మాత్రమే.

ఆ ప్రశ్నను కాలేజీ ల్యాబులో పరీక్షించాను. పలకకు బదులు ప్లైవుడ్ చెక్కను ఏటవాలుగా నిలబెట్టి, టెంటు హౌసు నుంచి పెద్ద ఫ్యాను తెప్పించి, చెక్క ఎంత బలంగా లాగుతుందో స్ప్రింగ్ త్రాసుతో చూశాను. వదులుగా కప్పిన గుడ్డతో లాగుడు బాగా పెరిగింది. ఫ్లెక్సీలు కట్టే కుర్రవాళ్లు గాలి పోవడానికని అర్ధచంద్రాకారంలో కోతలు పెడతారు. నేను కూడా అది మంచిదేనని నమ్మేదాన్ని. కోతలు పెట్టి చూస్తే ముల్లు దాదాపు అక్కడే నిలిచింది. మళ్లీ మళ్లీ చేశాను, అదే ఫలితం. అంచులను వెనక్కి లాగి తాడుతో అల్లి బిగిస్తే మాత్రం లాగుడు ఉట్టి చెక్కకు ఉన్నంతకు దిగింది. చెక్క వెనుక కింది భాగాన్ని కూడా మూసేస్తే అంతకంటే తగ్గింది. కవరు గాలిని ఆపదు. రాళ్లను ఆపుతుంది, బిగించి కడితే గాలికి సాయం చేయకుండా ఉంటుంది. ఇంతకుమించి నేను ఎవరికీ హామీ ఇవ్వదలచుకోలేదు.

ఆ వచ్చే ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక హాస్టలు వరండాలో రెండు వీధుల పెద్దమనుషులూ కూర్చున్నారు. ఒకరికొకరు ముఖం చూపకుండా ఇద్దరూ మా అక్కకేసి తిరిగి కూర్చున్నారు. లారీ పట్టలు ఆడపిల్లలు రోజూ ఎత్తలేనంత బరువు. తేలికగా, గట్టిగా ఉండేది ఫ్లెక్సీయే. వరుస పొడుగుకు ఒకటి చాలదు, రెండు కావాలి. రెండూ ఒకే వీధివైతే రెండో వీధి ఊరుకోదు.

పై వీధి పెద్దాయన ముందే తేల్చి చెప్పాడు. "ఫ్లెక్సీ ఇస్తాం గానీ, బొక్కలు పెడతామంటే ఇయ్యం. మా నాయకుని మొగానికి కత్తి పెడితే ఈడ తలకాయలు లేస్తాయి."

"మా ఆయప్ప మొగానికి మాత్రం పెట్టనిస్తామా?" అన్నాడు కింది వీధి పెద్దాయన, మా అక్కకేసే చూస్తూ.

"బొక్కలు అక్కర్లేదన్నా," అన్నాను. "కొలిచి చూసినా. వాటివల్ల ఏం లాభం లేదు."

ఇద్దరూ ఒకేసారి ఊపిరి వదిలారు. తరువాత అసలు చిక్కు వచ్చింది: ఎవరి నాయకుడు తూర్పున, ఎవరి నాయకుడు పడమట. నేను అచ్చు వేసిన వైపు లోపలికి తిప్పమన్నాను. తెల్ల వైపు పైకుంటే ఎండకు తక్కువ కాగుతుంది. అది నిజమైన కారణమే.

"అంటే మా నాయకుడు కనపడడా?" అన్నాడు పై వీధి పెద్దాయన.

మా అక్క అందుకుంది. "ఎండకు నిలబెట్టి ఆయప్ప మొగం పాలిపోగొడతావా మామా? ఇద్దురూ సల్లగా నీడన పండుకుంటారు లే."

కింది వీధి పెద్దాయన మీసం కింద నవ్వు ఆపుకున్నాడు. పై వీధి ఆయన ఆపుకోలేకపోయాడు.

ప్రొద్దుటూరులో దర్జీతో రెండింటినీ కలిపి కుట్టించి, అంచుల నిండా తాడు దూర్చే ఇత్తడి వలయాలు వేయించాను. మోటారు పొద్దున నడిచి ట్యాంకు నిండుతుంది. గాలి సాయంత్రం వస్తుంది. అందుకే మధ్యాహ్నం ఒంటిపూట బడి వదిలాక కప్పి, తెల్లవారి విప్పే పద్ధతి పెట్టాము. బోల్టులన్నీ బిగించి, స్టాండు వెనుక కింది భాగాన్ని రేకులతో మూసేశాము. పిల్లలు తాడు అల్లడంలో నాకంటే త్వరగా ఆరితేరారు.

ఒక పని మాత్రం మా అక్కకు నచ్చలేదు. పోయినేడు పగిలిన పలక చట్రం మూలన పడి ఉంది. దాన్ని వరుస పక్కనే వేరుగా నిలబెట్టి, పాత పద్ధతిలో ఉట్టి ఫ్లెక్సీ ముక్క వదులుగా కట్టించాను.

"అది ఎగిరిపోతాదని నువ్వే చెప్తాండావు, మళ్లీ నువ్వే కడతాండావు. ఏంది పాపా ఇది?"

"పోలిక లేకపోతే మనది నిలిచిందని ఎట్ల చెప్తావ్ అక్కా? ఆ పొద్దు గాలే తక్కువేమో అంటారు."

వేసవి సెలవుల్లో నేను అక్కడే ఉన్నాను. ఇళ్లకు పోతే కూలి పనుల్లోకి దింపుతారని అక్క పిల్లలను కూడా హాస్టల్లోనే ఉంచింది. ఒక సాయంత్రం పడమటి దిక్కు ఎర్రగా మారింది. దుమ్ము గోడలా నడిచి వచ్చింది. పలకలకు ఏదైనా అయితే నేరం తమమీద పడుతుందని రెండు వీధుల వాళ్లూ మనుషులను పంపారు; పెద్దమనుషులిద్దరూ తలకు తువ్వాళ్లు చుట్టుకొని వరండాలో మా పక్కనే నిలబడ్డారు. హాస్టలు ముందున్న రెండు పార్టీల జెండా కట్టెలూ ఒకదాని వెంట ఒకటి విరిగాయి. వంటశాల రేకు ఒకటి లేచి ప్రహరీ దాటింది. కంకర తెల్ల ఫ్లెక్సీ మీద వడగండ్లలా మోగింది. ఫ్లెక్సీ ఉబ్బలేదు. చర్మంలా పలకలకు అతుక్కొని ఉంది.

అప్పుడే వరుస పక్కనున్న వదులు ఫ్లెక్సీ గుమ్మడికాయలా ఉబ్బింది. చట్రం ఒకసారి ఊగి, మరోసారి ఊగి, బోల్టులతో సహా లేచి పత్తి చేనులో పడింది. దాని దగ్గర ఎవరూ లేరు. ఊళ్లో లెక్కకు వచ్చే మగవాళ్లందరూ ఒకే వరండాలో ఉన్నారు, ఒకరి చేతులు ఒకరికి కనబడుతున్నాయి.

పై వీధి పెద్దాయన మెడ చాచి ఆ చట్రం పడిన చోటు చూశాడు. అప్పుడు, ఏళ్ల తరువాత మొదటిసారిగా, పక్కనున్న మనిషి వైపు తిరిగాడు.

"పోయినేడు గూడా ఇదేనా?"

"నేను ఆపొద్దు తిరపతిలో ఉన్న్యానని ఎన్నితూర్లు చెప్పి పంపినా నువ్వు ఇనలే," అన్నాడు కింది వీధి పెద్దాయన.

"ఇనలే," అని ఒప్పుకున్నాడు ఆయన. వాన వచ్చేదాకా ఇద్దరూ అక్కడే నిలబడ్డారు.

తెల్లవారి ఇంజనీరు వచ్చేసరికి పిల్లలు తాళ్లు విప్పి ఫ్లెక్సీ మడుస్తున్నారు. ఆయన ప్రతి అద్దాన్నీ వేలితో తడిమి చూశాడు. ఆయన వెనుకే నేనూ చూశాను. ఒక్క గీటు కూడా లేదు. మోటారు స్విచ్చి వేయగానే పైపు దగ్గి, గాలి కక్కి, ట్యాంకులోకి నీళ్లు పడడం మొదలైంది. ఆడపిల్లలు బిందెలతో పరుగెత్తారు. ఒక గాలికి నిలిస్తే అన్ని గాలులకూ నిలుస్తుందని చెప్పలేమని, బోల్టులు నెలనెలా చూసుకోవాలని నేను ఇంజనీరుకు వివరిస్తుంటే మా అక్క నా చేతిలో ఒక బిందె పెట్టింది.

"ఈ ఒక్క పొద్దుకు గెలిచినామని ఒప్పుకో పాపా."

ఒప్పుకున్నాను. బిందె నిండాక దాన్ని ఎత్తుకొని వంటశాలకు నడిచాను.