సుజాతక్క ఫొటో కింద నా నవ్వు బొమ్మ

మా చిన్నప్పుడు... బంగారుపాళ్యంలో ఒక సాయంత్రం అమ్మ నా చెయ్యి పట్టుకుని చిన్నమ్మ ఇంటికి ఈడ్చుకుపోయింది.

ఆ ఏడు నేను ఏడో తరగతి లెక్కల్లో తప్పాను. చిన్నమ్మ అంటే మా చిన్నాయన భార్య. మామిడి కాలంలో అమ్మా తనూ కలిసి గుజ్జు ఫ్యాక్టరీకి పండ్లు కోసే పనికి వెళ్లేవాళ్లు. ఆ రోజు పనిలో చిన్నమ్మ ఎవరితోనో, ఆ పిల్లకు చదువు రాదు, రేపు మనతోపాటు పండ్లు కొయ్యాల్సిందే అందట. పొద్దుగూకేలోపే ఆ మాట అమ్మ చెవిన పడింది.

అమ్మ చేతులు కూడా సరిగా కడుక్కోలేదు... గుజ్జు వాసనతోనే బయలుదేరింది. నాకేమో సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

చిన్నమ్మ వసారాలో చేట పట్టుకుని బియ్యం చెరుగుతోంది. అమ్మ ఎదురుగా చతికిలబడింది. అరవలేదు.

"రమణమ్మా, ఆ మాట నువ్వు అనినావా లేదా... నా మొగం సూసి సెప్పు."

చిన్నమ్మ చేట పక్కన పెట్టింది. 

"అనినానక్కా. తప్పే."

తర్వాత కాసేపు ఒకరినొకరు దెప్పుకున్నారు, పాతవన్నీ తవ్వుకున్నారు, ఇద్దరూ ఏడ్చారు. మేం బయలుదేరేటప్పుడు చిన్నమ్మ తన కూతురు సుజాతక్కను పిలిచి, రేపటి నుంచి నాకు లెక్కలు చెప్పమంది.

సుజాతక్క నాకంటే రెండేళ్లు పెద్దది. ఆ సెలవులంతా వాళ్ల వసారాలో సుద్దముక్కతో గచ్చు మీద భాగహారాలు చేయించింది. తప్పు చేస్తే తడిగుడ్డతో తుడిచి మళ్లీ రాయించేది... ఎన్నిసార్లయినా సరే.

నేను గట్టెక్కాను. ఇప్పుడు తిరుపతిలో ఉద్యోగం. సుజాతక్క పదో తరగతితో ఆపేసి, ఊళ్లోనే బట్టలు కుడుతూ ఉండిపోయింది.

మా బంధువులందరికీ ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. నిరుడు సుజాతక్క అందులో ఒక ఫొటో పెట్టింది. యాభైకి దగ్గరపడుతున్న వయసులో స్కూటీ నేర్చుకుంది. వంకరగా హెల్మెట్టు, నేలకు ఆనించిన రెండు కాళ్లు, ముఖంలో భయం... కింద "నేర్చేసుకున్నా" అని రాసింది.

నేను ఆఫీసులో పని మధ్యలో చూసి, కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వే బొమ్మలు మూడు పెట్టాను. నన్ను చూసి మిగతావాళ్లూ పెట్టారు. ఎవరో "హైవే మీద లారీలవాళ్లూ, జాగ్రత్త" అని రాశారు. సాయంత్రానికి సుజాతక్క గ్రూపులోంచి వెళ్లిపోయింది.

వస్తుందిలే అనుకున్నాను. ఫోన్ చేయలేదు. తను స్టేటస్‌లో ఏ మాట పెట్టినా నన్నే అంటోందనుకుని, నేనూ ఒకటి రెండు ఎత్తిపొడుపులు పెట్టాను. ఎవరు చూశారో పేర్లు కనిపిస్తాయి కదా... రోజూ ఆమెది నేను, నాది ఆమె చూస్తూనే ఉన్నాం. ఎనిమిది నెలలు ఒక్క మాట లేదు.

ఒక ఆదివారం పొద్దున ఆమె స్టేటస్‌లో దండ వేసిన చిన్నమ్మ పటం కనిపించింది. ముందురోజే సంవత్సరీకం అయిపోయిందట. నాకు పిలుపు లేదు. దాని కింద దణ్ణం బొమ్మ పెట్టబోయి... ఆగిపోయాను.

లేచి చీర మార్చుకుని బంగారుపాళ్యం బస్సెక్కాను. పూతలపట్టు దాటేదాకా ఏం చెప్పాలో కూడబలుక్కుంటూనే ఉన్నాను.

సుజాతక్క మిషన్ తొక్కుతోంది. తలెత్తి చూసింది. రమ్మనలేదు, పొమ్మనలేదు. నేనే వెళ్లి ఎదురుగా కూర్చున్నాను.

"అక్కా, ఆ పొద్దు నీ ఫొటో సూసి నవ్వినాను. ముచ్చటేసి కాదు... ఎగతాళిగానే నవ్వినాను."

మిషన్ ఆగింది.

"నీకు లెక్కలు రానప్పుడు నేను నవ్వినానా పాపా?"

తప్పయిందక్కా అన్నాను.

సుజాతక్క లేచి కాఫీ పెట్టింది. తాగుతూ ఉంటే అప్పుడు చెప్పింది. బావకు చూపు బాగా తగ్గిపోయిందట. చిత్తూరు ఆసుపత్రికి వారం వారం తిప్పాలి. బస్సు ఎక్కించి దింపడం కష్టమై స్కూటీ నేర్చుకుంది. గ్రూపులో ఇంతమందిమి ఉన్నాం... ఎందుకు నేర్చుకున్నావని ఒక్కరం అడగలేదు.

నన్ను సాగనంపేటప్పుడు, గ్రూపులోకి మాత్రం రానని తేల్చి చెప్పింది. తనతో మాట్లాడాలంటే ఇంటికే రమ్మంది. వెళ్తున్నాను... నెలకో ఆదివారం, ఏ పని ఉన్నా సరే.

నేనేం ఫోన్ పారేయలేదు. ఇదీ దాంట్లోనే రాస్తున్నాను. కానీ ఒకటి మాత్రం ఖాయం చేసుకున్నాను. నా వల్ల ఎవరైనా నొచ్చుకున్నారని తెలిస్తే ఇక బొమ్మలు పంపను, మెసేజీ పెట్టను. వెళ్తాను. మరీ దూరమైతే ఫోన్ చేసి నా నోటితో చెబుతాను.

అమ్మకు ఒక్క సాయంత్రం పట్టిన పని నాకు ఎనిమిది నెలలు పట్టింది... అప్పట్లో ఉన్న ఆ ధైర్యం మన దగ్గర ఎక్కడ జారిపోయిందో.

మీకూ ఇలా మాటలు ఆగిపోయిన మనిషి ఎవరైనా ఉన్నారా? ఇప్పుడే ఇక్కడ రాయకండి. ముందు వెళ్లి కలవండి. వచ్చాక ఏం జరిగిందో రాయండి... నేను చదువుతాను.